కదలనిది కనబడదు

“పెళ్లికూతురా, మా రత్నం కదలకుండా కూర్చుంటే కనపడట్లేదమ్మా.”

దసరా సెలవుల తర్వాత మొదటి రోజు. వకుళ ఇంకా భుజం మీది సంచి దించలేదు. టిఫిన్ డబ్బా మూత కింద కిరీటి ఈ రోజు ఏం చీటీ పెట్టాడో చూడాలన్న ఆత్రంలో ఉంది. పెళ్లయి రెండు నెలలు. ఈ రెండు నెలలుగా ఆమెకు ప్రతిదీ వింతే. చెప్పుల స్టాండులో తన చెప్పుల పక్కన రెండింతల పొడవు చెప్పులు, ఒకే గ్లాసులో ఒకదాని మీద ఒకటి వాలిన రెండు బ్రష్షులు, అద్దం మీద తను అంటించిన బొట్టుబిళ్లలను తప్పించుకుంటూ కిరీటి గడ్డం గీసుకోవడం. బస్సులో కూర్చుని వీటిని తలచుకుని తనలో తనే నవ్వుకుంటే, పక్క సీటావిడ అనుమానంగా చూసేది.

“ఏమంటున్నారు బాబాయ్?” ఇంటర్‌కమ్ రిసీవరు చెవికి ఆనించుకుని అడిగింది.

“పండగ రోజు కొత్తచీర కట్టుకుని ఎదురుగా కూకుంది. సూడు మావా అంది. చూస్తన్నాను. చూస్తా ఉండగానే అంచుల దగ్గర్నించి కరిగిపోయింది. కుర్చీ కూడా పోనాది. ఏదే అంటే లేచింది. లేవగానే మళ్ళీ వచ్చీసింది.”

“అప్పుడే ఫోన్ చేయాల్సింది కదా!”

“కొత్త జంట. పండగపూట నిన్నెందుకు కదపడం అని ఊరుకున్నాను.”

పైడంనాయుడు ఆ ప్రయోగశాల టెలిఫోన్ ఆపరేటరు. విశాఖలో సముద్రం కనిపించే ఆ గుట్ట మీదకి వచ్చే ప్రతి ఫోనూ పాతికేళ్లుగా ఆయన గొంతు దాటుకునే లోపలికి వచ్చేది. పందొమ్మిదో ఏట జ్వరం తలకెక్కి చూపు పోయింది. నూకరత్నాన్ని పెళ్లాడింది ఆ తర్వాతే. కాబట్టి ఇరవై తొమ్మిదేళ్లు కాపురం చేసిన భార్య మొహం ఆయన ఎన్నడూ చూడలేదు. ప్రయోగానికి మొదటి మనిషి కావాలన్నప్పుడు, ఎవరూ అడక్కుండానే, “నా బుర్ర ఖాళీగానే ఉన్నాది, వాడుకోండి” అని ముందుకొచ్చాడు.

ఆయన తల వెనక, ఎముక కింద, గోరంత చిప్పు పెట్టారు. కళ్ళద్దాల్లోని కెమెరా బొమ్మను పట్టుకుంటుంది. ఆ బొమ్మ ప్రయోగశాలలోని నల్లటి కంప్యూటరుకి చేరుతుంది. అందులోని గ్రాఫిక్స్ కార్డు దాన్ని సన్నటి విద్యుత్ పోట్లుగా తరిగి చిప్పుకి పంపుతుంది. రెప్పపాటులో పావువంతు కూడా పట్టదు. నాయుడి క్వార్టరు ప్రయోగశాల వెనకే కాబట్టి ఇంట్లో కూడా సిగ్నల్ అందేది. కానీ ఏ ఇద్దరి మెదడూ ఒక్కలా ఉండదు. చిప్పు ఆయన మెదడును, మెదడు చిప్పును నేర్చుకోవాలి. మొదటి నెలంతా ఆయనకు కనిపించింది చుక్కలే. “చీకట్లో మరమరాలు పోసినట్టుందమ్మా” అనేవాడు. నాలుగో నెలలో తలుపు అంచు దొరికింది. తొమ్మిదో నెలలో రత్నం మొహం.

“నీకు ముక్కుపుడక ఉందని చెప్పలేదేటే?” అన్నాడట ఆ రోజు.

“ఇన్నేళ్ళుగా తగుల్తానే ఉంది గదా!” అందట ఆవిడ. ఆ మాట ప్రయోగశాల అంతా పాకి, ఓ వారం పాటు అందరూ నవ్వారు.

ఆ కంప్యూటరు బాగోగులు వకుళవి. అది లినక్స్ మీద నడిచే యంత్రం. దాని గ్రాఫిక్స్ డ్రైవరు, చిప్పులోని ఫర్మ్‌వేరు ఏ వెర్షన్లో పనిచేశాయో ఆ వెర్షన్లోనే ఆమె వాటిని కట్టేసింది. హోల్డ్‌లో పెట్టడాన్ని, అంటే కొత్త వెర్షన్ ఎక్కకుండా ఆపడాన్ని, ఆమె కట్టేయడం అనే అంటుంది. ఒకసారి నాయుడు అడిగాడు: “డ్రైవరంటే తెలుసు. మరి ఆ ఫర్మువేరెవడు? కండక్టరా?” ఆమె నవ్వాపుకుని చెప్పింది: “డ్రైవరు బండికి ఏం చేయాలో చెప్తాడు బాబాయ్. ఫర్మ్‌వేరంటే బండి పుట్టుకతో నేర్చుకున్న నడక.” ఆ సాయంత్రమే తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి కంప్యూటరు మీద అంటించింది: దీన్ని ఎవరూ అప్‌డేట్ చేయకూడదు. కింద సంతకం, వకుళ.

ఇప్పుడు నాయుడు గదిలోకొచ్చి కూర్చున్నాడు. వకుళ ఆయన ముందు స్టీలు గ్లాసు పెట్టింది.

“కనపడుతుందా?”

“ఆఁ. తళతళలాడతంది.” ఒకటి, రెండు, మూడు, నాలుగు. “పోనాది.”

ఆమె వేలితో గ్లాసును కొంచెం జరిపింది.

“వచ్చీసింది. దాగుడుమూతలాడతన్నాదేటి ఇది?”

ఆయన నవ్వాడు. వకుళ నవ్వలేదు. కుర్చీ తిప్పుకుని, ఆయనకు తెర కనబడకుండా అడ్డంగా కూర్చుని, మార్పుల చిట్టా తెరిచింది. అన్నిటికన్నా కింద ఉన్న వరుస సెలవులకు ముందు రోజుది. సమయం పదకొండు నలభై రెండు. చేసినవారు: వకుళ.

సెలవులకు ముందు రోజు ప్రయోగశాలలో ఆయుధపూజ జరిగింది. నాయుడు తెల్లచొక్కా వేసుకుని కుంకుమ భరిణెతో వచ్చాడు. ఏటా ఆయన చేయి పట్టుకుని ఎవరో ఒకరు స్విచ్‌బోర్డుకు బొట్టు పెట్టించేవారు. ఈసారి ఆయనే వేలు ముంచి, గురి చూసి, సరిగ్గా మధ్యలో పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. “నా కళ్ళున్నది దీన్లో గదా, దీనికి పెట్టకపోతే ఎలాగ?” అంటూ నల్ల కంప్యూటరుకి, దాని ఫ్యాను జాలీకి పైన, పెద్ద బొట్టు పెట్టాడు. అక్షింతలు వేశాడు. పులిహోర పంచాడు.

అప్పుడే ఎవరో అడిగారు, పెళ్లి వీడియో ఏదీ అని. పొద్దున్నే వీడియో అతను పెన్‌డ్రైవు ఇచ్చి వెళ్ళాడు. అది వకుళ సంచిలో ఉంది. సంచిలో ఉందన్న సంతోషం ఆమె మొహంలోనే కనిపిస్తోంది. గోడ మీది పెద్ద తెర ఉన్నది ఆ ఒక్క యంత్రానికే. పెట్టింది. అంతా బాగానే నడిచి, సరిగ్గా తలంబ్రాల దగ్గరికొచ్చేసరికి బొమ్మ ముక్కలు ముక్కలైంది. కిరీటి చేతులు పైకెత్తి బిగుసుకుపోయాడు. బియ్యపు గింజలు గాల్లో నిలబడిపోయాయి.

“మీ ఆయన లొంగిపోయినట్టున్నాడే!” అన్నారెవరో. ఒకటే నవ్వులు.

తలంబ్రాల భాగం వేరే కొత్త కెమెరాతో తీశారు. పాత డ్రైవరుకి అర్థం కావడం లేదు, అంతే. “ఒక్క రెండు నిమిషాలు,” అంది వకుళ. “బాబాయ్, కాసేపు కళ్ళద్దాలు తీసేయండి.”

“నీ పెళ్లి చూడ్డానికి నా కళ్ళు మూసుకోవాలేటి పెళ్లికూతురా?” అన్నాడు నాయుడు, తీసి జేబులో పెట్టుకుంటూ.

ఆమె కట్టు విప్పింది. కొత్త డ్రైవరు ఎక్కించింది. మధ్యలో తెర ఏదో అడిగింది: జత చేసిన పరికరానికి కూడా కొత్త ఫర్మ్‌వేరు ఉంది, ఎక్కించమంటారా? తన లాప్‌టాప్ మీద రోజూ చేసినట్టే, వెనకాల ఎవరో వేసిన జోకుకి తల తిప్పి నవ్వుతూ, ఎంటర్ నొక్కింది. కాగితం మీద తన అక్షరాలు మూరెడు దూరంలో ఉన్నాయి.

తలంబ్రాలు జలజలా రాలాయి. నాయుడు కళ్ళద్దాలు పెట్టుకుని, “గింజ గింజా అగుపిస్తంది!” అని మురిసిపోయాడు. వీడియోలో అన్నీ కదిలేవే కదా. ఎవరికీ ఏమీ తెలియలేదు.

కొత్త వెర్షనుకి కరెంటు పొదుపు బుద్ధి ఎక్కువ. బొమ్మ మారకపోతే మళ్ళీ పంపడం ఎందుకని మానేస్తుంది. మామూలు తెరకి అది మంచిదే. చివరి బొమ్మను తెర తన దగ్గర పట్టి ఉంచుకుంటుంది. మెదడు అలా పట్టి ఉంచుకోదు. పోటు ఆగితే బొమ్మ ఆరిపోతుంది. వకుళకు ఇదంతా అర్థమవడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. చెప్పడానికి నోరు తెరిచేలోగా డాక్టర్ ప్రసూన లోపలికి వచ్చింది.

ప్రసూన ప్రయోగానికి పెద్ద. తక్కువ మాట్లాడుతుంది. విషయం విని, నేరుగా కంప్యూటరు దగ్గరికి వెళ్ళి పక్క మూత తీయించింది. ఫ్యాను రెక్కల మీద ఎర్రటి పొడి. రెండు అక్షింతలు కూడా.

“ఇదేంటి?”

“నానేనమ్మా,” అన్నాడు నాయుడు లేచి నిలబడి. “ఆయుధపూజకి పెట్టేను.”

“నాయుడు గారూ… వకుళా, ఇది కార్డులోకి పోయి ఉంటుందా?”

అప్పుడే ఆ మాట ఆమె నోటి నుంచి వచ్చింది. ముందుగా అనుకున్నది కాదు. దారిలో పడి ఉన్న రాయిని కాలు తన్నినట్టు వచ్చింది.

“పోయి… ఉండొచ్చు మేడమ్.”

నాయుడు కుర్చీలో కూర్చోలేదు. నిలబడే ఉన్నాడు. కదలడం లేదు. ఆ రోజు కుంకుమలో ముంచిన తన కుడిచేతి వేలి చివర చూసుకుంటున్నాడు. నాలుగు లెక్కపెట్టేలోగా ఆ వేలు ఆయనకు మాయమై ఉంటుందని వకుళకు తెలుసు.

ప్రసూన నిర్ణయం వెంటనే చెప్పేసింది. కొత్త కార్డు తెప్పిద్దాం. వచ్చేదాకా ఇలాగే. పోటు ఆగి, మొదలై, ఆగి, మొదలవడం మెదడుకి మంచిది కాదు. ఎక్కువ రోజులు సాగితే ఫిట్స్ రావచ్చు. కొత్త కార్డుతోనూ ఇదే జరిగితే లోపం యంత్రానిది కాదు, మెదడే చిప్పును కాదంటున్నట్టు. అప్పుడు చిప్పు తీసేయాలి. సర్జనుతో వచ్చే వారం శనివారానికి మాట్లాడి పెడతాను.

కొత్త కార్డు వచ్చినా ఇదే జరుగుతుందని ఆ గదిలో వకుళ ఒక్కతెకే తెలుసు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిస్తే మూత కింద చీటీ ఉంది. ‘బెండకాయ మాడింది. నేనే మాడ్చాను. క్షమించు.’ చీటీ మడిచి పర్సులో పెట్టుకుంది. డబ్బా మూత మళ్ళీ బిగించేసింది.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి కింది వాటా పిన్నిగారు సోఫాలో కూర్చుని ఉంది. కిరీటి ఆవిడకి పెళ్లి వీడియో చూపిస్తున్నాడు. మళ్ళీ తలంబ్రాల దగ్గరే ఉంది.

“ఆపేయండి,” అంది వకుళ.

“ఇదిగో, ఇప్పుడే నువ్వు నా నెత్తిన పళ్ళెం మొత్తం బోర్లిస్తావు…”

“ఆపమన్నానా!”

పిన్నిగారు కాఫీ గ్లాసు అక్కడే పెట్టి మెల్లగా జారుకుంది. కిరీటి రిమోటు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. “ఏమైంది? అందులో నేను మరీ అంత దారుణంగా ఉన్నానా?”

“తలనొప్పి.”

అతను బామ్ సీసా తెచ్చి, నేల మీద కూర్చుని, ఆమె కణతలకు రాశాడు. నిన్నటి దాకా ఇలాంటిది జరిగితే ఆమె రేపు బస్సులో తలచుకోవడానికి దాచుకునేది. ఇవాళ ఆ వేళ్ళు తగులుతుంటే ఇంకొకరి సొత్తు వాడుకుంటున్నట్టు అనిపించింది. చెబుదామనుకుంది. చెబితే, తన గురించి ఇతని కళ్ళలో ఉన్న బొమ్మ ఏమవుతుందోనని ఊరుకుంది.

ఆదివారం పొద్దున్న పళ్ళు తీసుకుని నాయుడి క్వార్టరుకి వెళ్ళింది. గుమ్మంలోనే గలగలమని శబ్దం వినిపించింది. నూకరత్నం కుర్చీలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఏరుతూ ఏరుతూ, మూడేసి క్షణాలకోసారి, ఎడమచేతిని అలవాటుగా పైకెత్తి గాజులు ఆడిస్తోంది. తల ఇటూ అటూ ఊపుతోంది. ఎదురుగా నాయుడు.

“రా అమ్మా రా,” అంది రత్నం. “ఈ మనిషికి అగుపించాలని నానిలాగ కోలాటమాడతన్నాను. నడుం పట్టేసింది.”

“ఆపీసేయ్ అంటే ఆపదు,” అన్నాడు నాయుడు.

“ఆపితే పోతాను గదా మరి!”

రత్నం నవ్వుతూనే అంది. కానీ పళ్ళు లోపల పెట్టడానికి వకుళ వంటింట్లోకి వెళ్లినప్పుడు వెనకే వచ్చింది. గొంతు తగ్గించింది. “ఒక మాట చెప్తానమ్మా. ఇన్నేళ్ళలో ఆ మనిషిని నానెప్పుడూ మాటనలేదు. మొన్న తిట్టీసాను. నీ కుంకం మండిపోను, నీ చేత్తో నువ్వే పొడుచుకున్నావు గదా కళ్ళు అని. రెండు దినాలు అన్నం తినలేదు. నాకిప్పుడు అనీసిన మాట ఎలా వెనక్కి తీసుకోవాలో తెల్డం లేదు.”

వంటింటి మూల దేవుడి గూడులో కుంకుమ భరిణె లేదు. దాని అడుగు మిగిల్చిన గుండ్రటి మరక మాత్రం ఉంది.

వెళ్లేటప్పుడు నాయుడు గుమ్మం దాకా వచ్చాడు. “పెళ్లికూతురా, నా మూలంగా నీకు మాటొచ్చిందేమో. యంత్రం నీ చేతికింద ఉన్నది గదా. డాక్టరమ్మగారు నిన్నేమీ అనలేదు గదా?”

“లేదు బాబాయ్.”

“అంటే నా పేరు చెప్పీ. నాదే తప్పని చెప్పీ.”

వకుళ గబగబా మెట్లు దిగింది. వెనక గాజుల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

బుధవారం కొత్త కార్డు వచ్చింది. బిగించారు. స్టీలు గ్లాసు పెట్టారు. నాలుగు లెక్కపెట్టేలోగా పోయింది. ప్రసూన బయటికి వెళ్ళి సర్జనుకి ఫోన్ చేసింది. ఆ ఫోను కలిపింది నాయుడే.

గురువారం పొద్దున్న వకుళ అందరికన్నా ముందు వచ్చింది. ఎవరికీ తెలియకుండా సరిచేసేస్తే ఎవరికీ చెప్పక్కర్లేదు కదా. పాత డ్రైవరు తిరిగి ఎక్కించింది. పొదుపు బుద్ధి మాన్పించే మాటలన్నీ యంత్రం లేచేటప్పుడే దాని చెవిలో వేసింది. మూడుసార్లు ఆపి మళ్ళీ లేపింది. యంత్రం వైపు అంతా సవ్యంగా ఉంది. అయినా క్వార్టరులో ఉన్న నాయుడి చిప్పు పంపే లెక్కల్లో పోట్లు ఆగిపోతూనే ఉన్నాయి. ఆపుతున్నది యంత్రం కాదు, నాయుడి తలలోని చిప్పు. ఆ ఫర్మ్‌వేరు వెనక్కి రావాలి.

తెర మీద పాత వెర్షను పేరు నొక్కితే ఒక పత్రం తెరుచుకుంది. చిప్పు తయారుచేసినవాళ్ల నియమం అది. ముందుకు వెళ్ళడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఒక్క ఎంటర్ చాలు. వెనక్కి రావాలంటే మాత్రం చిప్పు పెట్టుకున్న మనిషి వేలిముద్ర కావాలి. ఎందుకు వెనక్కి వస్తున్నదీ కారణం రాయాలి. రాసినది ఆ మనిషికి పైకి చదివి వినిపించాలి. కింద ఇంకో వాక్యం ఉంది: పాత వెర్షనుకి వెళితే ఇప్పటిదాకా చిప్పు నేర్చుకున్న పాఠం చెరిగిపోతుంది.

పద్నాలుగు నెలలు. తలుపు అంచు, ముక్కుపుడక. ఒక మనిషి మెదడు గురించి నేర్చుకున్న పాఠాన్ని నకలు తీసి దాచకూడదని మొదటి రోజే పెట్టుకున్న నియమం. ఎక్కడా ప్రతి లేదు.

‘కారణం’ అన్న గడిలో ఆమె ‘సాంకేతిక కారణాలు’ అని రాసింది. తర్వాత ఇంటర్‌కమ్ ఎత్తింది.

నాయుడు వచ్చి కూర్చున్నాడు. ఆమె వేలిముద్ర పలకను ఆయన ముందుకు జరిపింది. జరిపాక అది అక్కడే ఉంటుంది, కాసేపటికి ఆయనకు మాయమవుతుందని గుర్తొచ్చి, ఆయన చేయి పట్టుకుని దాని మీదికి తెచ్చింది.

“శనివారం ఆపరేషన్ అక్కర్లేకపోవచ్చు బాబాయ్. కానీ మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి.”

“మరమరాల దగ్గర్నించా?”

“అవును.”

“సరే. మళ్ళీ రత్నం మొహం దాకా రావడానికి తొమ్మిది నెలలు. తప్పు చేసినోడిని, అనుభవించాలి గదా. కారణమేదో చదవాలన్నావు, చదువు.”

“సాంకేతిక కారణాలు.”

“అంటే కుంకమే గదా. మంచిమాట రాసేవులే, నా పరువు కాపాడ్డానికి.” ఆయన బొటనవేలు పలక మీద ఆనబోతోంది. “నీ మేలు మరిచిపోనమ్మా.”

వకుళ ఆ చేతిని పట్టి పక్కకి లాగింది. ఎంత గట్టిగా లాగిందంటే స్టీలు గ్లాసు కింద పడి దొర్లింది.

“ఆగండి. తప్పు రాశాను.”

గడిలో ఉన్నది చెరిపేసింది. టైపు చేసింది. అక్షరాలు తప్పుతుంటే దిద్దుకుంటూ, దిద్దుకుంటూ రాసింది. తర్వాత చదివింది.

“ఆయుధపూజ రోజు పదకొండు నలభై రెండుకి నా పెళ్లి వీడియో ఆగకుండా నడవడం కోసం కట్టేసి ఉంచిన డ్రైవరునీ, చిప్పు ఫర్మ్‌వేరునీ నేను మార్చాను. ఎవరినీ అడగలేదు. లోపం దానివల్లే వచ్చింది. కుంకుమ వల్ల కాదు. ఈ సంగతి లోపం బయటపడ్డ రోజే నాకు తెలుసు. వకుళ.”

బయట స్విచ్‌బోర్డు మోగుతోంది. ఎత్తేవాళ్ళు లేక మోగి మోగి ఆగిపోయింది.

“కళ్ళద్దాలు తీయమన్నావు,” అన్నాడు నాయుడు. “అప్పుడేనా?”

“అప్పుడే.”

“తలంబ్రాల బొమ్మ ఆగిపోతందని.”

“అవును బాబాయ్.”

“మొన్న ఆదివారం ఇంటికొచ్చినప్పుడు కూడా తెలుసు.”

ఆమె తల ఊపింది. తర్వాత నోటితో కూడా చెప్పింది. “తెలుసు.”

“రత్నం గాజులాడిస్తంటే చూసేవు.”

వకుళకు ఏడుపు వస్తోంది. ఏడిస్తే ఆయన ఓదారుస్తాడేమోనన్న భయంతో ఏడుపు మింగింది. ఆయన ఓదార్చలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. అప్పుడు అన్నాడు:

“మళ్ళీ చదవాలి. ఇప్పుడు కాదు. రత్నాన్ని పిలు. డాక్టరమ్మగారిని పిలు. వాళ్ళ ముందర చదువు. అప్పుడు వేలేస్తాను.”

రత్నం వంటచేతులతోనే వచ్చింది. ప్రసూన చేతులు కట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. వకుళ రెండోసారి చదివింది. మొదటిసారి కన్నా ఇదే కష్టమైంది, ఎందుకంటే ఇప్పుడు వాక్యం వాక్యానికీ తర్వాత ఏం వస్తుందో ఆమెకు తెలుసు. చదవడం పూర్తయ్యాక రత్నం ఆమె వైపు చూడలేదు. నేరుగా మొగుడి దగ్గరికి వెళ్ళి ఆయన కుడిచేతి వేళ్ళు రెండు చేతులతో పట్టుకుంది. “నాను అన్నమాట…” అంది. “సర్లే,” అన్నాడు ఆయన.

ప్రసూన అడిగింది ఒక్కటే. “పోయి ఉండొచ్చు అన్నావు కదా వకుళా. నేను అడిగినప్పుడు.”

“అన్నాను మేడమ్.”

“అదీ అందులో రాయి.”

రాసింది. మూడోసారి చదివింది. నాయుడు వేలు వేశాడు. పచ్చగీత తెర మీద ఆ చివరి నుంచి ఈ చివరికి పాకడానికి పదకొండు నిమిషాలు పట్టింది.

“ఇప్పుడు?” అని ప్రసూన అడిగింది.

“మరమరాలు,” అన్నాడు నాయుడు.

రత్నం ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. గాజులు చప్పుడు చేయలేదు. నాలుగు లెక్కపెట్టారు. పది లెక్కపెట్టారు. ఇరవై.

“మూతీ ముక్కూ ఏదీ తెల్డం లేదు గానీ,” అన్నాడు నాయుడు మెల్లగా, “ఉన్న మరమరాలు ఉన్నట్టే ఉన్నాయి. పోవట్లేదు.”

రత్నం అరగంట అలాగే కూర్చుంది. కదలకుండా.

ఆ సాయంత్రం వకుళ కిరీటికి అంతా చెప్పింది. అతను అన్నం తింటూ మధ్యలో ఆపి, “నాతో ఆ రోజే చెప్పాల్సింది కదా,” అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట ఎక్కువసేపు నిలిచింది. మర్నాడు టిఫిన్ డబ్బా మూత కింద చీటీ లేదు. ఆ పైరోజు ఉంది.

ఆమె ఉద్యోగం పోలేదు. ఇకనుంచి ఆమె ఆ యంత్రానికి ఏ ఆజ్ఞ ఇచ్చినా పక్కన ఇంకొకరు కూర్చుని చూడాలని ప్రసూన ఉత్తర్వు రాసింది. కాగితం మీది పాత అక్షరాలు అలాగే ఉన్నాయి, కింద ఆమె సంతకంతో సహా. తీసి కొత్తది అంటిద్దామని ఒకసారి అనుకుంది. తనే వద్దనుకుంది.

రోజూ పొద్దున్న తొమ్మిదింటికి ఇంటర్‌కమ్ మోగుతుంది. “ఇంజినీరు గారూ, నిన్నటికన్నా చుక్కలు దగ్గరపడ్డాయి, రాసుకోండి.” “ఇంజినీరు గారూ, కిటికీ వైపు తెల్లగా ఉన్నాది.” పెళ్లికూతురా అన్న పిలుపు కోసం ఆమె చెవి ప్రతి పొద్దునా ఒక్క క్షణం ఆగుతుంది. రిసీవరు పెట్టేస్తుంది.

కార్తీకమాసం మొదటి శుక్రవారం నాయుడు గదిలోకి వచ్చాడు. చేతిలో కుంకుమ భరిణె ఉంది. ప్రసూన వెనకే వచ్చి, “ఫ్యానుకి దూరంగా, నాయుడు గారూ,” అంది.

“అలాగేనమ్మా.”

ఆయన వేలు ముంచాడు. కంప్యూటరు ముందు వైపును ఎడమచేత్తో తడిమాడు. చుక్కల మధ్య ఆ నల్లటి పెట్టె ఆయనకు ఒక ఖాళీలా కనిపిస్తుందని వకుళకు తెలుసు. బొట్టు పెట్టి వెనక్కి జరిగాడు.

“మధ్యన పడిందా, ఇంజినీరు గారూ?”

పడలేదు. పడిందంటే ఆయన సంతోషిస్తాడు. ఎవరికీ నష్టం లేదు. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది, ఆ రోజు వచ్చినట్టే, సులువుగా.

“లేదండీ,” అంది. “రెండు వేళ్ళు ఎడమకి పడింది.”

నాయుడు తువ్వాలు అంచుతో తుడిచాడు. మళ్ళీ వేలు ముంచాడు. ఈసారి ఎక్కువసేపు తడిమాడు.

“ఇప్పుడో?”

“ఇప్పుడు మధ్యలోనే ఉందండీ.”

“ఊఁ,” అన్నాడు. ఇంకోసారి అడగలేదు. భరిణె మూత పెట్టుకున్నాడు.